మబ్బు బీరు, రెండో వాయి

వెల్డరక్క పెట్టిన మొట్టమొదటి అతుకు ఆమె మామగారి చేత గోడ దూకించింది.

ఇంటి గేటు బందు ఊడి వేలాడుతోంది. వర్క్‌షాపు అతను ఇదిగో వస్తా, అదిగో వస్తా అని తిప్పుతున్నాడు. విసుగెత్తి ఆమే ఒక పాత వెల్డింగు మిషను అద్దెకు తెచ్చుకుంది. రాడ్డు ఎలా పట్టుకోవాలో చెప్పినవాళ్ళు లేరు. కూరగాయలకు వెళ్తూ వస్తూ వర్క్‌షాపు ముందు నిలబడి చూసిందే చదువు. సాయంత్రానికి బందు గేటుకు అతుక్కుంది. పనిలో పనిగా గేటు మొత్తం ఇనప స్తంభానికి అతుక్కుపోయింది. మర్నాడు పొద్దున మామగారు టిఫిను క్యారేజీని ముందు గోడ అవతల దింపి, తర్వాత తను ఎక్కి, వీధిలోకి దూకి ఉద్యోగానికి వెళ్ళాడు. పోతూ పోతూ, "అమ్మాయి పని మాత్రం గట్టిదిరా" అని కొడుకుతో అన్నాడు.

అంతకు మించిన సర్టిఫికెట్టు ఆమె తర్వాత ఎవరినీ అడగలేదు. గేట్లు, గ్రిల్లులు, నీళ్ళ ట్యాంకుల స్టాండ్లు చేసుకుంటూ చేయి తిరిగింది. చిన్నా పెద్దా అందరికీ వెల్డరక్క అయింది.

బీరు గొడవ ఎలా అంటుకుందంటే, ఊరి చివర చిన్న బీరు కార్ఖానాలో స్టీలు ట్యాంకు కారుతోందని పిలిచారు. పని అయ్యాక ఒక గ్లాసు చేతిలో పెట్టారు. చూస్తే బియ్యం కడిగిన నీళ్ళలో పసుపు కలిపినట్టుంది. గ్లాసు అవతల వేలు పెడితే కనపడలేదు.

"ట్యాంకు అడుగున మిగిలింది పోశావా బాబూ?" అని అడిగింది.

"ఇది ఇలాగే ఉంటుందక్కా. ఓట్సూ గోధుమా వేస్తాం, వడకట్టం. ఆ మబ్బు పోతే వాసన కూడా పోతుంది," అన్నాడు అక్కడి కుర్రాడు.

మొహమాటానికి ఒక గుక్క తాగింది. ముందు నారింజ తొక్క గిల్లినప్పుడు వచ్చే ఘాటు వచ్చింది, దాని వెనక దోరజామ. నోట్లో నీళ్ళలా కాక పాలలా మెత్తగా ఉంది. చేదు, అందరూ భోజనానికి కూర్చున్నాక వచ్చిన చుట్టంలా చివర్లో వచ్చి ఓ మూల సర్దుకుంది. వెల్డరక్క గ్లాసు ఖాళీ చేసి, అతుకు పెట్టిన ట్యాంకు వైపు కొత్తగా చూసింది. ఇన్నాళ్ళూ గిన్నె అతికించి వంట చూడకుండా పోయానే అనిపించింది.

ఆ తర్వాత పాల కేంద్రం వాళ్ళు పారేసిన ట్యాంకు ఒకటి షెడ్డుకు చేరింది. కోసింది, అతికించింది, గొట్టాలు పెట్టింది. మొదటిసారి మూత బిగుతుగా వేయడంతో అది ఎగిరి పైకప్పు రేకును సొట్టపెట్టింది. ఇంకోసారి నాలుగు రకాల హాప్స్ కలిపి వేసింది. హాప్స్ అంటే తీగకు పూసే పచ్చటి పువ్వు; బీరుకు చేదూ వాసనా దాని చలవే. ఆ నాలుగు రకాల బీరు తాగి ఆమె భర్త, "ఇది జ్వరానికా, దగ్గుకా?" అని అడిగాడు. ఎక్కడ చెడిందో తెలియలేదు. నలుగురు పిల్లలున్న ఇంట్లో అద్దం పగిలినట్టే, ఎవరినడిగినా నేను కాదనేట్టుగా ఉంది. అప్పటినుంచీ ఒకటే రకం పువ్వు. బాగుంటే దానిదీ తనదీ, చెడితే తనదొక్కదానిదే.

ఆమె భర్త సిటీ బస్సు నడుపుతాడు. అతని చెల్లెలు చెప్పుల షాపులో అమ్మకం పని చేస్తుంది. ఒక జత కొందామని వచ్చినవాళ్ళకు మాటల్లో పెట్టి రెండు జతలు కట్టబెడుతుంది. కాళ్ళు నేల మీద ఉండవు కాబట్టి అన్న ఆమెకు గాలిపటం అని పేరు పెట్టాడు. భయం వేసినా, ఏడుపొచ్చినా, కోపమొచ్చినా నవ్వేయడం ఆమెకు చిన్నప్పటి జబ్బు. ఈ గాలిపటమే వదిన బీరును ఒక సీసాలో పోసుకుని వీధి చివర పబ్బుకు పట్టుకెళ్ళింది.

పబ్బు నడిపే ఆయన్ని వీధంతా గడ్డం బాబాయి అంటారు. ఆయన సీసా వాసన చూశాడు, తాగాడు, మీసం తుడుచుకున్నాడు, మళ్ళీ పోసుకున్నాడు. ఆ వాయిలో మిగిలిన ఒక్క పీపానూ తన చల్లగదిలో పెట్టించి, వెల్డరక్కను పిలిపించాడు.

"బాగుందమ్మాయ్. కానీ ఒకసారి బాగా రావడం ఎవరికైనా జరుగుతుంది. నా దగ్గరికొచ్చేవాడు ఇవాళ తాగిందే రేపూ అడుగుతాడు. ఇంకో వాయి చెయ్యి. రెండూ ఒకటేనని నా నాలుక ఒప్పుకుంటే ఆ ఎడమ చివరి కుళాయి నీది."

ఆ కుళాయి కోసం ఒక పెద్ద కంపెనీ ఏజెంటు కూడా తిరుగుతున్నాడు. రెండో వాయి సిద్ధమయ్యే వారం, సోమవారానికల్లా అతనికి జవాబు చెప్పాలి. అందుకని పరీక్ష ఆదివారం పొద్దున పెట్టారు. కుళాయి వస్తే షెడ్డులో సరదాగా చేసుకునేది పని అవుతుంది. రాకపోతే ఆ ట్యాంకు మళ్ళీ పాత ఇనుమే. అందులోనూ ఈసారి హాప్స్ కొత్త బస్తాలోంచి వేసింది. అదే తీగ, అదే పువ్వు, కానీ కిందటి కోతది కాదు. వేరే రకం కలిపి కప్పిపుచ్చుకునే వీలు ఒకే పువ్వు బీరులో లేదు. వారం నుంచీ వెల్డరక్క అన్నం కూడా వాసన చూసి తింటోంది.

*

ఆదివారం పబ్బు మూసి ఉంది. కుర్చీలు బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి. అప్పుడే తుడిచిన నేల తడిగా మెరుస్తోంది. ఆమె భర్త కొత్త వాయి పీపాను తోపుడు బండి మీద గతుకుల్లో దడదడలాడిస్తూ తెచ్చి వెనక గదిలో, పాత పీపా పక్కన దించాడు. పాత పీపా చల్లగదిలోంచి పొద్దున్నే వచ్చి కదలకుండా నిలబడి ఉంది.

రుచి చూసేవాళ్ళు ముగ్గురు: గడ్డం బాబాయి, పక్కనున్న బేకరీ అతను, ఆమె భర్త. నాలుగో గ్లాసుల జట్టు ఆమెకు. తన నాలుక ఒప్పుకోకుండా గెలవడం ఆమెకు ఇష్టం లేదు.

"మొగుణ్ణి కూర్చోబెడితే ఎలా బాబాయ్?" అన్నాడు బేకరీ అతను. "అన్నయ్య ఇంటికెళ్ళి అన్నం తినాలి కదా."

"ఇందులో పక్షపాతం పనికిరాదురా," అన్నాడు బాబాయి. "మూడు జగ్గులుంటాయి. రెండిట్లో కొత్త వాయి, ఒకదాంట్లో పాతది. ఏది వేరో పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే అమ్మాయి గెలిచినట్టు. తెలియదు, అన్నీ ఒకటే అనడానికి లేదు. ఏదో ఒకటి చూపించాల్సిందే. ఇంకోటి, అందరూ చూపించేదాకా ఎవడూ నోరు మెదపకూడదు. ఒకడు నారింజ అన్నాడంటే పక్కవాడికి మంచినీళ్ళలో కూడా నారింజే కనపడుతుంది."

గ్లాసులు కూడా స్టీలువే పెట్టాడు, జగ్గులూ స్టీలువే. గాజు గ్లాసైతే నాలుక కంటే ముందు కన్ను తీర్పు చెప్పేస్తుందని ఆయన లెక్క. జగ్గుల చేతులకు ఎర్రదారం ఒకదానికి, తెల్లదారం ఒకదానికి, పచ్చదారం ఒకదానికి కట్టాడు. వెనక గదిలో పోసే పని గాలిపటానికి ఇచ్చాడు. దేంట్లో ఏది పోసిందో ఆమెకొక్కదానికే తెలుస్తుంది.

గాలిపటం వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వెల్డరక్క చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బల్ల మీది కుర్చీ ఒకటి దించి దాని కాలు అతుకు చూడటం మొదలుపెట్టింది.

"బాబాయ్, ఈ అతుకు ఎవరు పెట్టారు?"

"ఎందుకు?"

"ఊరికే. దీని మీద లావుపాటి వాళ్ళను కూర్చోబెట్టకండి."

జగ్గులు వచ్చాయి. గ్లాసులు నింపి, దారాల ప్రకారం వరసగా పెట్టింది గాలిపటం. ఆమె పెదాలు బిగించుకుని ఉండటం ఎవరూ పట్టించుకోలేదు.

బాబాయి రుచి చూసే పద్ధతి వేరు. గ్లాసు మీద అరచెయ్యి మూసి, కాసేపాగి, చెయ్యి తీసి ముక్కు పెడతాడు. చిన్న గుక్క పుచ్చుకుని చిగుళ్ళ వెంట తిప్పుతాడు. మింగాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదులుతాడు. అసలు సంగతి వెళ్ళేటప్పుడే తెలుస్తుందంటాడు. తర్వాత ఉత్త రొట్టె ముక్క నమిలి, మళ్ళీ మొదలు. అందరూ ఆయన్ని చూసి అలాగే చేశారు. గదిలో ముక్కుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. బేకరీ అతని ముక్కు ఈల వేస్తోంది. ఆ ఈలకు గాలిపటం భుజాలు కదలడం మొదలైంది.

వెల్డరక్క తెల్లదారం గ్లాసు తాగింది. నారింజ, జామ, చివర్లో చుట్టంలాంటి చేదు. పచ్చదారంది తాగింది. అదే వరస. కాస్త ఊపిరి ఆడింది. ఎర్రదారంది నోట్లో పోసుకుంది.

ఇది చిక్కగా ఉంది. జామ ఎక్కడికో పోయి, పచ్చి ఆకు నమిలిన వగరు వచ్చింది. మింగితే గొంతులో సన్నగా గీసింది. మళ్ళీ రొట్టె నమిలి మళ్ళీ తాగింది. మళ్ళీ గీసింది.

"చూపించండి," అన్నాడు బాబాయి.

నాలుగు చూపుడువేళ్ళూ ఎర్రదారం గ్లాసు మీదికి వెళ్ళాయి. అందులో తన వేలు కూడా ఉంది.

మొదట మాట్లాడింది ఆమె భర్త. "తప్పు చూపిద్దామనే అనుకున్నానే. ఒట్టు. పచ్చది చూపిద్దామని వేలు కూడా లేపాను. నాలుక ఊరుకోలేదు."

"ఊరుకోనక్కర్లేదు లెండి," అంది వెల్డరక్క. "నాకూ అదే తేడా."

"గొంతులో గీరింది కదక్కా?" అన్నాడు బేకరీ అతను, జాలిగానే.

బాబాయి గడ్డం నిమురుకున్నాడు. ఆయనకూ సంతోషంగా లేదు. "ఎర్రదాంట్లో పోసింది పాతదే కదమ్మా, గాలిపటం? నా చల్లగదిలోదే కదా? అది చెడిపోయిందా, ఇది మారిందా అన్నది తర్వాత మాట. రెండూ ఒకటి కావు. నేను ఏజెంటుకి..."

గాలిపటం నవ్వింది.

ముందు ముక్కులోంచి వచ్చింది. ఆపుకోబోతే ఎక్కిళ్ళు వచ్చాయి. ఎక్కిళ్ళ మధ్య నవ్వు, నవ్వు మధ్య ఎక్కిళ్ళు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అన్న లేచి వీపు మీద చరిచాడు.

"ఏమైందే నీకు? మీ వదిన కుళాయి పోతుంటే ఇకిలిస్తావేంటి?"

"అన్నయ్యా," అంది గాలిపటం, ఎక్కి, "ఎర్రదాంట్లో పాతదే." మళ్ళీ ఎక్కి, "తెల్లదాంట్లోనూ పాతదే." ఇంకోసారి ఎక్కి, "పచ్చదాంట్లోనూ అదే."

గదిలో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"మూడూ ఒక్క పీపాలోవే పోశాను బాబాయ్. వదిన వారం నుంచీ సరిగ్గా తిండి తినట్లేదు. అన్నీ ఒకటే పోస్తే తేడా ఎలా కనపడుతుంది, ఎలాగూ గెలుస్తుంది కదా అనుకున్నాను. మీరేంటి, నలుగురికి నలుగురూ పట్టేసుకున్నారు? లేనిది ఎలా దొరికింది మీకు?"

బాబాయి గ్లాసు వైపు చూశాడు, గాలిపటం వైపు చూశాడు, తన ముక్కును తనే పట్టుకున్నాడు. "పాతికేళ్ళ ముక్కు ఇది," అని గొణిగాడు. బేకరీ అతను బల్ల మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. బస్సాయన అలవాటు కొద్దీ తలుపు వైపు చూశాడు, దిగిపోదామన్నట్టు.

వెల్డరక్క మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. "ఆగండి. లేనిది కాదు, ఉంది. నా గొంతులో ఇంకా గీస్తోంది," అంది. మూడు జగ్గులూ పట్టుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టి, గాజు గ్లాసుల్లో పోసింది. తెల్లదీ పచ్చదీ లేత మబ్బులా ఉన్నాయి. ఎర్రది ఉరుములొచ్చే మబ్బు. అడుగున పచ్చటి నలుసులు తిరుగుతున్నాయి.

"ముందు ఏ జగ్గు నింపావమ్మాయ్?" అని ఆడపడుచును అడిగింది.

"ఎర్రది."

"అదీ సంగతి." వెల్డరక్క ముఖం విప్పారింది. "పీపా మీ చల్లగదిలో అన్నాళ్ళు కదలకుండా నిలబడింది బాబాయ్. ఈస్టూ పువ్వు పొడీ అడుక్కి దిగాయి. కుళాయి గొట్టం తాగేది అడుగునుంచే కదా. మొదటి జగ్గులో గొట్టం చుట్టూ ఉన్న మడ్డంతా వచ్చేసింది. తర్వాత వచ్చిందే అసలు బీరు. ఇది చేసినదాన్ని, నాకే తట్టలేదు చూడండి."

బాబాయి ఎర్రగ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. "అంటే మేం బానే పట్టుకున్నామన్నమాట," అన్నాడు. పోయిన ముక్కు తిరిగొచ్చినట్టు ఆయన ఛాతీ కొద్దిగా పెరిగింది.

"పట్టుకున్నారు. అంతేనా? ఈ పిల్ల బుద్ధిగా మీరు చెప్పినట్టు పోసి ఉంటే, పాతది ఒక్క జగ్గే కాబట్టి మడ్డంతా దాంట్లోనే ఉండేది. కొత్త పీపా ఈయన తోపుడు బండి మీద కుదుపులు తిని బాగా కలిసింది. నలుగురం పాతదే చూపించేవాళ్ళం. న్యాయంగా ఓడిపోయేదాన్ని."

"చూశారా," అంది గాలిపటం, ఎక్కిళ్ళు ఆగి. "అందుకే అలా పోశాను."

"నోర్ముయ్," అన్నారు నలుగురూ ఒకేసారి. ఆ తర్వాత అందరికీ నవ్వు పట్టుకుంది. వెల్డరక్క వారం నవ్వు కూడా అందులోనే నవ్వేసింది.

*

మళ్ళీ పరీక్ష పెట్టాలి. దానికి ముందు రెండు పీపాలూ సమానంగా కలవాలి. వెల్డరక్క వాటిని వీధిలోకి దింపి పడుకోబెట్టింది. "మెల్లగా దొర్లించాలి. చంటిపిల్లను పక్క మీద పొర్లించినట్టు. ఎగరేస్తే నురగ తప్ప ఏమీ మిగలదు."

పాత పీపాను బాబాయి, బేకరీ అతను తోశారు. కొత్తదాన్ని వదినా ఆడపడుచులు తోశారు. బస్సాయన పీపాల ముందు వెనక్కి నడుస్తూ రెండు చేతులూ ఊపాడు.

"రానీ, రానీ. కొంచెం ఎడమకి. బాబాయ్, గేదెలా అడ్డం పడకండి, సైడివ్వండి. రైట్, రైట్."

పీపాలు రాళ్ళ మీద డబడబమంటూ వెళ్తుంటే మేడల మీద కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఒకావిడ తల తుడుచుకుంటూ, "ఏంటి వెల్డరక్కా, ఇల్లు మారుతున్నారా?" అని అడిగింది. "లేదండీ, బీరుకు షికారు," అని గాలిపటం జవాబు చెప్పింది. పొద్దున్నే ఖాళీ కడుపున పడ్డ గుక్కలు కాళ్ళలోకి దిగి, బాబాయి అంతటి మనిషి బేకరీ మలుపు దగ్గర పీపాతో సహా గుండ్రంగా తిరిగాడు. ఆయన గడ్డంలో రొట్టె పొడి మెరుస్తోంది. బేకరీ మెట్ల దాకా దొర్లించి, వెనక్కి దొర్లించి, నురగ సర్దుకునేదాకా వేడి బన్నులు తింటూ మెట్ల మీద కూర్చున్నారు. వెల్డరక్క వాసన చూడకుండా తిన్న మొదటి తిండి అదే.

"ఈసారి ఎవరు పోస్తారు?" అన్నాడు బేకరీ అతను. "గాలిపటాన్ని నమ్మే ప్రశ్నే లేదు."

"తనే పోయాలి," అంది వెల్డరక్క. "ఇవాళ ఈ వీధిలో తప్పు చేయడానికి అందరికంటే భయపడే మనిషి తనే. కావాలంటే పక్కన నేనుంటాను. నేను తాగను."

వెనక గదిలో గాలిపటం రెండు చేతులతో కుళాయి పట్టుకుని, మందు కొలిచి పోసే నర్సులా పోసింది. ఎర్రది కొత్తది, తెల్లది కొత్తది, పచ్చది పాతది. జగ్గులు బయటికి వెళ్ళాయి. వెల్డరక్క తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. మళ్ళీ ముక్కులు, మళ్ళీ ఈల. ఆమెకు తెలుసు: వేళ్ళు పచ్చదారం మీదికి వెళ్తే అయిపోయినట్టే. గాలిపటం ఆమె జాకెట్టు అంచు పట్టుకుని నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆమె భర్త చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. స్టాపు ఎక్కడో గుర్తులేని డ్రైవరులా అటూ ఇటూ చూసి, ఎర్రదాని మీద వేలు పెట్టాడు. బేకరీ అతను తెల్లది చూపించాడు, మళ్ళీ అనుమానపడి తీసేశాడు, మళ్ళీ అదే చూపించాడు.

బాబాయి ఇంకా తాగుతున్నాడు. ఎర్రది, తెల్లది, పచ్చది. రొట్టె. పచ్చది, తెల్లది, ఎర్రది. అరచెయ్యి మూశాడు, తీశాడు. ఆయన చూపుడువేలు లేచి పచ్చగ్లాసు మీద ఆగింది. వెల్డరక్క తలుపు చెక్కను గట్టిగా పట్టుకుంది. వేలు అక్కడినుంచి తెల్లదాని మీదికి వెళ్ళింది, ఎర్రదాని మీదికి వచ్చింది, చివరికి ఆయన గడ్డంలోకే వెళ్ళిపోయి అక్కడ గోక్కోవడం మొదలుపెట్టింది.

"ఏదో ఒకటి చూపించాలి బాబాయ్. రూలు మీదే," అన్నాడు బస్సాయన.

బాబాయి లేచాడు. గోడకు వేలాడుతున్న తన పెద్ద మగ్గు తీసుకొచ్చాడు. ఎర్రది దాంట్లో పోశాడు, తెల్లది పోశాడు, పచ్చది కూడా పోసి, మొత్తం నిలబడే తాగేశాడు. మీసం తుడుచుకున్నాడు.

"వేరు చేయడం నా వల్ల కాదు," అని తలుపు వైపు చూశాడు. "ఆ సందులోంచి బయటికి రామ్మా. ఎడమ చివరి కుళాయికి పిడి కూడా నువ్వే చేసుకోవాలి మరి. కంపెనీ పిడి వాళ్ళు పట్టుకుపోతారు."

గాలిపటం ఏడ్చింది. అంటే, చాలా గట్టిగా నవ్వింది.

*

పిడికి ఇనుము వెతుకుతుంటే మామగారు అలమారు కిందినుంచి ఒక తుప్పు పట్టిన ముక్క తీసిచ్చాడు. అప్పట్లో గేటును స్తంభం నుంచి కోసినప్పుడు పడిన బందు. పారేయబుద్ధి కాలేదట. వెల్డరక్క దాన్ని రుద్ది నునుపు చేసి కుళాయికి అతికించింది. ఈసారి కుళాయి ఒక్కదానికే.

మూడో వాయి అప్పటికే ట్యాంకులో ఉంది. అదీ వీటిలాగే రావాలి, ఆ పైదీ అలాగే రావాలి. ఆమె పని ఇప్పుడు అదే. పీపాలు దొర్లించే పని మాత్రం శిక్షగా గాలిపటానికి పడింది. చెప్పుల షాపుకు వెళ్ళేముందు, పబ్బు నుంచి బేకరీ మెట్ల దాకా, మళ్ళీ వెనక్కి. రాళ్ళ మీద ఆ డబడబ వినపడితే కిటికీల వెనక జనం, సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో పొద్దున్నే అనుకుంటారు. బస్సాయన కూడా అటువైపు ట్రిప్పు పడినప్పుడు బస్సు నెమ్మది చేసి, కిటికీలోంచి తల బయటపెట్టి, చెల్లెలికి దారి చెబుతాడు.

"కొంచెం ఎడమకి. రానీ, రానీ."